నలభై దాటినంక హార్మోనియం: వరుసలు వస్తున్నయి, సొంత బాణీ వస్తలేదు

చౌరస్తా43:

అందరికీ నమస్తే. ఉండేది హన్మకొండ, వయసు 43. ఇంట్ల పాత హార్మోనియం ఉన్నది. 42 మెట్లు, డబుల్ రీడు (మెట్టుకు రెండు పలికే రేకులు), ముందర నాలుగు స్టాపర్లు (గుంజితే గాలి ఇడిసే గుబ్బలు). అయిదు నెలల సంది రోజూ రాత్రి అర్ధగంట కూసుంటున్న. మొదటి పాఠాలైన సరళీ వరుసలు పద్నాలుగు అయినయి, వాటి తర్వాతి జంట వరుసలు నడుస్తున్నయి. గురువు లేడు, ఫోన్ల వీడియోలే. ఒకటి శ్రుతిల, అంటే స ను C అనే తెల్లమెట్టు మీద పెట్టి వాయిస్తున్న.

ఒకటి, మధ్య సప్తకంల గాంధారం మెట్టు ముట్టకున్నా సన్నగ పలుకుతనే ఉన్నది. నిషాదమేమో ఒక్కో పూట అసలే పలకదు.

రెండు, రెండో కాలం (రెట్టింపు వేగం) రాంగనే కుడిచెయ్యి ఎంత ఉరికితే ఎడమచెయ్యి గంత ఉరుకుతది. నడుమల గాలి తెగుతది.

మూడోది అసలు సంగతి. కాలనీ భజనకు ఒకటి, బతుకమ్మకు ఒకటి సొంతంగ పాట కట్టాల్నని ఉన్నది. పెట్టె ముందర కూసుంటే స నుంచి పైకి ఎక్కుడు, మళ్ల కిందికి దిగుడు, సరళీ వరుస లెక్కనే వస్తది. కాకుంటే ఎన్నడో విన్న పాటే తిరిగి వస్తది. బాణీ కట్టుడు పుట్టుకతోనే రావాల్నా, నేర్చుకుంటే వస్తదా?

రీడుపెట్టె:

అన్నా, ముందుగాల పెట్టె సంగతి జూడు. పెట్టె సరిగ్గ లేకుంటే తప్పు నీ చేతిదా దానిదా నీకే తెల్వది.

ముట్టకున్నా పలుకుడంటే, ఆ మెట్టు ఎనుక దిక్కు కింద తోలు అతికిన చెక్క ఉంటది చూడు, అది గాలి రంధ్రం మీద గట్టిగ కూసుంటలేదు. మూడు కారణాలు ఉంటయి. తోలు కింద దుమ్ము పడ్డది, స్ప్రింగు వదులైంది, లేకుంటే చెక్క ఉబ్బి పక్క మెట్టుకు రాసుకుంటున్నది. మూడోది వానకాలంల ఎక్కువ. ఏదో కనుక్కునుడు అల్కనే. గాలి నింపి, ఆ మెట్టు ముందు కొసను గోరుతోని మెల్లగ పైకి లేపు. సప్పుడు ఆగిందంటే స్ప్రింగన్న వదులైంది, మెట్టన్న రాసుకుంటున్నది. మెట్టు నొక్కి ఇడిస్తే బద్ధకంగ లేస్తదా, రాసుకునుడే. టక్కున లేస్తదా, స్ప్రింగు. పైకి లేపినా ఆగకుంటే తోలు కిందనే ఏదో ఉన్నది.

మెట్టు ఇప్పే ముందు పెన్సిల్‌తోని మెట్లన్నిటి మీద ఎనుక దిక్కు 1 నుంచి 42 దాక నంబర్లు రాయి. ఈ పని యాదిమర్చినోళ్లు తర్వాత రెండు గంటలు కూసొని జత కుదుర్చుకోవాలె. తోలును ఎండు టూత్‌బ్రష్‌తోని తుడువు. నూనె సుక్క గూడ తగలనియ్యకు, తోలు గట్టిపడి ఇంకింత కారుతది. మళ్ల పెట్టినంక సన్న కాగితం ముక్క తోలు కింద పెట్టి మెల్లగ గుంజు. నాలుగు దిక్కులా ఒక్క తీరుగ పట్టి ఉండాలె. ఒక దిక్కు జారిందంటే అక్కడ గాలి పోతున్నట్టే.

పలకని నిషాదం రీడుది. ఇత్తడి పలక మీద సన్న నాలుక, ఒక కొస రివిట్ కొట్టి ఉంటది. నాలుకకూ అంచుకూ నడుమ సందు ఎంటిక మందమే, నలుసంత దుమ్ము పడ్డా ఆగిపోతది. నీది డబుల్ రీడు గనుక స్టాపర్లు ఒక్కొక్కటి ఇడిగా గుంజి చూడు, ఏ వరుస రీడు మొండికేసిందో తెలుస్తది. సన్న కాగితం పట్టీని నాలుక విడి కొస దిక్కు నుంచి సందుల దూర్చి బయటికి గుంజు. గోరుతోని ఒక్కసారి మీటు, టింగుమంటే అయిపోయినట్టే. బ్లేడు, గుండుసూది దగ్గరికి తేకు. నాలుక కొస దిక్కు గీరితే శ్రుతి ఎక్కుతది, రివిట్ దిక్కు గీరితే దిగుతది. శ్రుతి చేసేటోళ్లు చేసే పని అదే. తెల్వకుండ గీరితే రీడు పాడు.

గాలి సంగతి గూడ ఒకసారి చూడు. తిత్తి నిండ కొట్టి, ఒక్క స్టాపర్ గుంజి, నడిమి మెట్టు ఒకటి నొక్కి లెక్కపెట్టు. మళ్ల కొట్టకుండ 15 సెకన్లు పలికితే మంచి పెట్టె. ఎనిమిదిలోపు ఆగితే ఏడనో కారుతున్నది, మడతల మూలలు మొదలు చూడు. సన్న తోలు ముక్క, ఫెవికాల్ చాలు. టేపు అంటియ్యకు, మడతల కాడ నెల రోజులకే పగులుతది. వాయించుడు అయినంక తిత్తిని మూసి కొండి పెట్టు. ఎండల ఆరబెట్టుడు వద్దు, చెక్క వంకరపోతది. ఇగ ఎలుకలకు ఆ తోలంటే పానం, పెట్టె కింద పెట్టకు.

రెండోకాలం_కాజీపేట:

చేతుల సంగతి నేను చెప్తాను.

ఎడమచెయ్యి కుడిచేతిని అనుకరించడానికి కారణం, మీరు కొట్టే గాలితోనే స్వరం పలుకుతోందని చెయ్యి నమ్మడం. అసలు జరిగేది వేరు. బయటి తిత్తి గాలిని లోపలి తిత్తిలోకి తోస్తుంది. లోపలి తిత్తి మీద స్ప్రింగుల ఒత్తిడి ఉంటుంది, రీడుకు గాలి అందించేది అదే. ఇంటి మీద ట్యాంకు, కింద మోటారు అనుకోండి. నల్లా తిప్పిన ప్రతిసారీ మోటారు వెయ్యం కదా. ట్యాంకు సగానికి రాకముందే కాస్త నింపుతూ ఉంటే చాలు.

మొదటి వారం కుడిచేతికి సెలవే. ఒక వేలు స మీద ఉంచి మెట్రోనోమ్ (లయ దెబ్బలు కొట్టే యాప్) నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టండి. నాలుగు దెబ్బలకు ఒకసారి ఎడమచెయ్యి తొయ్యాలి. తిత్తి పూర్తిగా తెరవొద్దు, మూడు నాలుగు వేళ్ల వెడల్పు చాలు. మోచెయ్యి కదలకూడదు, మణికట్టు దగ్గరే పని. శబ్దం ఉబ్బకుండా, తగ్గకుండా ఒక నిమిషం నిలబడితే పాస్. ఆ తర్వాతే కుడిచేతితో దెబ్బకో స్వరం, తోపుడు మార్చకుండానే దెబ్బకు రెండు, తర్వాత నాలుగు. కాలం మారినా ఎడమచేతి లెక్క నాలుగుకు ఒకటే. పొరపాట్లన్నీ ఒకటి నుంచి రెండుకు మారే ఆ క్షణంలోనే వస్తాయి, అందుకే ఆ మలుపునే పదిసార్లు చెయ్యండి. వరుస మొత్తం పదిసార్లు వాయించడం టైం దండగ.

వేళ్లు: మీ సరళీ వరుసల రాగం మాయామాళవగౌళకు ఒకటి శ్రుతిలో బొటనవేలు స, చూపుడువేలు నల్లమెట్టు మీద రి, మధ్యవేలు గ. అక్కడ బొటనవేలు అరచేతి కిందుగా దూరి మ పట్టుకోవాలి. తర్వాత చూపుడు ప, మధ్య ద, ఉంగరం ని, చిటికెన పై స. దిగేటప్పుడు ఇదే తిరగేసి, మ మీద బొటనవేలు ఉండగా మధ్యవేలు దాని మీదుగా వచ్చి గ పట్టాలి. వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు చాలామంది మ దగ్గర చెయ్యి ఎత్తేస్తారు, స్వరం అక్కడే తెగుతుంది. కొత్త మెట్టు దిగాకే పాతది వదలాలి. గట్టిగా నొక్కితే శబ్దం పెరగదు, వేళ్ల నొప్పే మిగులుతుంది. హార్మోనియంలో శబ్దం పెంచేది గాలి.

మోకాళ్లు నొప్పి పెడితే నేల మీద కూర్చోవాలన్న నియమమేమీ లేదు. బల్ల మీద పెట్టుకోండి, మెట్లు మోచేతి ఎత్తుకు ఉంటే చాలు.

స్పీడు: మూడుసార్లు వరసగా తప్పు లేకుండా వస్తేనే నాలుగు అంకెలు పెంచండి. 72లో తప్పితే 64కు దిగి, తప్పిన చోట ముందు స్వరం, ఆ స్వరం, తర్వాతి స్వరం, ఈ మూడే వాయించండి. ఇక రోజూ అరగంట కూర్చోవడం మంచిదే, ఆదివారం ఒక్కపూట మూడు గంటలు కూర్చునేవాళ్లకన్నా మీరే ముందుంటారు.

చౌరస్తా43:

మెట్టు కొస పైకి లేపితే ఆగలేదు. ఇప్పి చూస్తే తోలు మీద అగర్‌బత్తి నుసి. తుడిచినంక గాంధారం ఆగింది. నిషాదం గూడ కాగితంతోని పలికింది. ఎడమచేతి పని పొద్దటి సంది మొదలు. మూడో దాని గురించి ఎవరన్న చెప్పుండ్రి.

ద్విపద_పాలకుర్తి:

మూడోదానికి నా జవాబు: నేర్చుకుంటే వస్తుంది, కానీ స్వరాల వైపు నుంచి మొదలుపెడితే రాదు. అయిదు నెలలుగా మీ వేళ్లు చేసింది ఎక్కడం, దిగడం. ఖాళీగా వదిలితే అవి చేసేది కూడా అదే. కాబట్టి మెట్లు ముట్టకముందు మాట తీసుకోండి. మాటలో లఘువు, గురువు ఉన్నాయి, అంటే సగం బాణీ అప్పటికే ఉంది. హ్రస్వం లఘువు, పలకడానికి ఒక మాత్ర సమయం. దీర్ఘమైనా, తర్వాత ఒత్తక్షరం ఉన్నా, సున్న ఉన్నా గురువు, రెండు మాత్రలు.

మన ప్రాంతంలో దీనికి రెండేసి పాదాల పద్యం, ద్విపదను మించింది లేదు. పాలకుర్తిలో పుట్టిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో బసవపురాణం మొత్తం ద్విపదలోనే రాశాడు, జనం పాడుకోవడానికి వీలుగా ఉంటుందనే. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇంద్రగణానికి నాలుగో అయిదో మాత్రలు, సూర్యగణానికి మూడు. మొదటి అక్షరానికి మూడో గణం మొదటి అక్షరంతో యతి, అంటే ధ్వని కలవాలి. రెండు పాదాలకూ రెండో అక్షరం ఒకటే, అది ప్రాస.

ఇక్కడికిక్కడ రెండు పాదాలు అల్లి చూపిస్తాను:

వానలో తడిసిన వరికంకి జూడు
దానిపై మెరిసేటి తళతళ చుక్క

మొదటి పాదం విడగొడితే: వానలో 5, తడిసిన 4, వరికంకి 5, జూడు 3. మొత్తం 17. ఖండగతిలో, అంటే అయిదు మాత్రల నడకలో పాడాలంటే ఒక్కో గణం 5 కావాలి. తడిసినలో చివరి న ఒక మాత్ర లాగండి, జూడులో డు రెండు మాత్రలు లాగండి. 5, 5, 5, 5 అయింది. పాదం చివర వచ్చే ఆ సాగదీతలోనే పాడేవాడు ఊపిరి తీసుకుంటాడు. ఎక్కడ ఊపిరో తెలియని బాణీని గుంపు పాడలేదు.

ఇప్పుడు స్వరాలు. మోహన రాగం తీసుకోండి: స రి గ ప ద. మీ ఒకటి శ్రుతిలో అన్నీ తెల్లమెట్లే, మ, ని జోలికి పోవద్దు. కామా అంటే ముందు స్వరం ఇంకో మాత్ర సాగుతుంది.

మొదటి పాదం:
గ , రి స , | రి రి గ ప , | ద ప గ , రి | గ , రి , ,
రెండో పాదం:
ప , ద ప , | గ ప ద , ప | గ రి గ రి , | రి , స , ,

వాయించి చూడండి. మొదటి పాదం రి మీద ఆగింది కదా, చెవి ఇంకా ఏదో రావాలని ఎదురుచూస్తుంది. రెండోది స మీదికి దిగింది, ఇల్లు చేరినట్టు ఉంటుంది. అడగడం, చెప్పడం. కొత్తవాళ్లు చేసే పొరపాటు రెండు పాదాలనూ స మీద ఆపడం. నాలుగు పాదాలకు నాలుగుసార్లు పాట అయిపోయినట్టు అనిపిస్తుంది. ఇంకొకటి, మొదటి పాదం గ మీద మొదలైంది, స మీద కాదు. మీ సరళీ వరుస జబ్బుకు సగం మందు ఇదే. వారం రోజులు ఏ బాణీనీ స మీద మొదలుపెట్టనని పట్టుబట్టండి.

తర్వాత ఇవే రెండు పాదాలకు రోజుకో కొత్త బాణీ కట్టండి, కానీ ప్రతిసారీ ఒక్కటే మార్చండి. ఒకరోజు ఆగే స్వరం మార్చి రి బదులు ప మీద ఆపండి. ఇంకో రోజు మొదలు మార్చండి. మరో రోజు స్వరాలు అవే ఉంచి సాగదీత జరపండి, తడిసినలో న బదులు త లాగండి. వినగానే వికారంగా ఉంటుంది, ఎందుకంటే మాట నడక విరిగింది. ఆ వికారం చెవికి తెలిస్తే బాణీ కట్టడం సగం వచ్చినట్టే. నచ్చినా నచ్చకున్నా ఫోన్లో రికార్డు చేసి తారీకు పెట్టుకోండి. పదిహేను రోజుల తర్వాత వరసగా వినండి, అప్పుడు ఎక్కడో విన్న పాటలు వాటంతట అవే బయటపడతాయి. అవి తీసేయండి, లేదా వాటిలో దొంగిలించిన ముక్క ఎక్కడిదో పట్టుకుని ఆ ఒక్క గణం మార్చండి.

చప్పట_తొక్కుడు:

పైన చెప్పింది భజనకు బాగుంటది. బతుకమ్మకు మాత్రం ఖండగతి పెట్టకండి. అయిదు మాత్రల నడకల కాలు ఎక్కడ పెట్టాలో, చప్పట ఎక్కడ పడాలో ఆడోళ్లకు అందదు. ఒక అడుగు పెద్దది, ఒక అడుగు చిన్నది అయితది. గుండ్రంగ తిరిగేటప్పుడు సమానంగ పడే నడక కావాలె, ఆరు మాత్రలైతే మూడు మూడుగ విరుగుతది. అవే మాటలను సాగదీసి చూడండి:

వా,న,లో, అంటే రెండు రెండు రెండు, ఆరు. త డి సి, న, అంటే ఒకటి ఒకటి రెండు రెండు, మళ్ల ఆరు. తర్వాత ఉయ్యాలో: ఉయ్ రెండు, యా రెండు, లో రెండు. ఆ లో ను ఇంకో ఆరు మాత్రలు పట్టి ఉంచాలె, అప్పుడు 24. మిగిలిన సగం, వ రి కం, కి, ఆరు. జూ,, డు,, ఆరు. మళ్ల ఉయ్యాలో. మూడు మాత్రలకో చప్పట.

అంటే పాదాన్ని నడుమకు విరిచి, ఒక్కో సగానికి ఉయ్యాలో తగిలించినట్టు. సగం పాదం ఒకామె అందుకుంటది, గుంపు మళ్ల అంటది. అందుకే స్వరాలు ఎక్కువ వద్దు. నాలుగైదు స్వరాల లోపలనే తిరగాలె, ఒక్కసారి వింటే రెండోసారి గుంపు పట్టుకోవాలె. ఉయ్యాలో దగ్గర స్వరాలు మార్చకండి, పాట మొత్తంల అదొక్కటి కదలకుంటే మిగతా మాటలు ఎన్ని మారినా ఎవలూ తప్పిపోరు. ఎంగిలిపూల నాడు మొదలుపెడితే సద్దుల నాటికి పిల్లలు గూడ అంటరు, కష్టమైన స్వరాల మలుపులు పెడితే మీరొక్కరే పాడుకోవాలె.

ఇంకో మాట, ఇక్కడ నేను పైవాళ్లతో ఒప్పుకోను. పెట్టె మీద బాణీ వెతకొద్దు. హార్మోనియంల మెట్టుకూ మెట్టుకూ నడుమ ఏమీ లేదు, జారుడు లేదు, గమకం (స్వరాన్ని ఊపుడు) లేదు. ఆకాశవాణి 1940ల హార్మోనియాన్ని పక్కన పెట్టిందే ఇట్లాంటి కారణాలతోని, 1971ల కొంత సడలించిండ్రు. పెట్టె మీద పుట్టిన బాణీ మెట్ల మీద నడిచినట్టే ఉంటది. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దుగాల నడిచేటప్పుడు నాలుక మీద మాట పెట్టుకొని కూనిరాగం తియ్యండి, అడుగే తాళం అయితది. వచ్చింది ఫోన్ల పెట్టుకోండి. ఇంటికొచ్చి మెట్ల మీద ఏ స్వరాలో వెతకండి. దొరకని చోట గొంతు రెండు మెట్ల నడుమ ఉన్నట్టు, దాన్ని గొంతుకే ఇడిసిపెట్టి పెట్టె మీద దగ్గరి స్వరం నొక్కితే చాలు.

ద్విపద_పాలకుర్తి:

ఖండగతి మాట నిజమే, బతుకమ్మకు మీ ఆరు మాత్రలే సరి. పెట్టె విషయంలో మాత్రం సగమే ఒప్పుకుంటాను. కూనిరాగంలో వచ్చేవి కూడా గొంతుకు అలవాటైన పాటలే. స మీద మొదలుపెట్టొద్దు, మ ముట్టొద్దు లాంటి అడ్డంకి పెట్టడానికి మెట్లే సులువు, కళ్లకు కనిపిస్తాయి కదా. ఒకరోజు కట్ట మీద, ఒకరోజు పెట్టె మీద చేస్తే సరిపోతుంది.

ఇంకోటి, తంబూరా యాప్ పెట్టుకుంటే ముందు దాన్ని మీ హార్మోనియం స కు సరిచేయండి, పాత పెట్టెలు ఎంతోకొంత ఎక్కువ తక్కువ ఉంటాయి. సరిచేశాక కూడా గ, ద కొద్దిగా ఎక్కువ పలికినట్టు వినిపిస్తే రీడు గీరకండి. హార్మోనియంలో పన్నెండు మెట్లు సమానంగా పంచి ఉంటాయి కాబట్టి మోహనలో వచ్చే గ, అంటే అంతర గాంధారం, సహజ స్థానం కన్నా దాదాపు 14 సెంట్లు (పక్కపక్క మెట్ల నడుమ దూరం 100 సెంట్లు) ఎక్కువే ఉంటుంది. అది పెట్టె తప్పు కాదు.

చౌరస్తా43:

మస్తు పని అయింది, అందరికీ దండాలు. ఆఖరుగ ఒకటి. ఆడోళ్లు, మొగోళ్లు కలిసి పాడే భజనకు ఏ శ్రుతి పట్టాలె? ఒకటిల పడితే మా ఇంటామె కింద దిక్కు అందుతలేదంటున్నది.

చప్పట_తొక్కుడు:

ఆడోళ్ల గొంతులు చానామటుకు అయిదు (G), అయిదున్నర (G#), ఆరు (A) దగ్గర హాయిగ ఉంటయి. మొగోళ్లవి ఒకటి (C), ఒకటిన్నర (C#), రెండు (D). కలిసి పాడితే నడుమ రాజీపడాలె. ముందుగాల పాటల అన్నిటికన్న పై స్వరం, అన్నిటికన్న కింది స్వరం ఏవో రాసుకోండి. ఆ పాట ద మీదికి పోదు, స కిందికి దిగదు అనుకోండి. అప్పుడు నాలుగు (F), నాలుగున్నర (F#) చూడండి. మొగోళ్లల బొంగురు గొంతు ఆయనతోని పై ద, ఆడోళ్లల మెల్లగ పాడే ఆమెతోని కింది స అనిపించండి. ఇద్దరూ అరవకుండ, గొంతు నొక్కకుండ అంటే అదే మీ శ్రుతి. లేకుంటే అర మెట్టు ఇటో అటో జరపండి.

నాలుగున్నర కుదిరితే మీకు ఇంకో లాభం. మోహన అయిదు స్వరాలూ నల్లమెట్ల మీదనే వస్తయి, తెల్లది ఒక్కటి ముట్టే పని లేదు. బొటనవేలు మాత్రం నల్లమెట్టు మీద ఇబ్బంది పెడతది. స ను చూపుడువేలితోని పట్టుకోండి, రి మధ్యవేలు, గ ఉంగరంవేలు. ప కు మళ్ల చూపుడువేలు వస్తది, ద మధ్యవేలు, పై స ఉంగరంవేలు.